వంకర పట్టాలపై చిన్న బండి

రైలుపట్టా తిన్నగా, చదునుగా ఉండవలెనని కోరుకొనుట లోకసహజము. ఉర్దూ మిత్రులు ‘పట్రీ పర్ ఆ గయా’ అన్నను, తెలుగువారు ‘పని పట్టాలెక్కినది’ అన్నను భావమొక్కటే: ఇక భయము లేదు, బండి సాగిపోవునని. అట్టి పట్టాను బుద్ధిపూర్వకముగా వంకరగా, గతుకులుగా వేయుటకు మేము నలుగురము ఒక విద్యాసంవత్సరము పొడవునా సాయంకాలములు వెచ్చించినామని చెప్పినచో, పాఠకులు మా మానసిక స్వస్థతను శంకింపవచ్చును. పట్టాలు తప్పినది బండి కాదు, వీరే అని వసతిగృహములో ఒక చమత్కారము ఇదివరకే పుట్టినది. కనుక మేము చేసినదేమో, ఎందుకు చేసినామో చెప్పుకొనుటకు ఈ వార్షిక సంచికకంటె తగిన చోటు మాకు కనబడలేదు.

మేము చేసినది ఒక నమూనా రైలుమార్గము. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడనుండి ఒడిశాలోని గుణుపురమువరకు ఒకప్పుడు నడచిన చిన్నగేజి లైనులో ఒక తునక. పర్లాకిమిడి రాజావారైన గౌరచంద్ర గజపతి తమ పట్టణమును మద్రాసు–కలకత్తా ప్రధానమార్గముతో కలుపుటకు వేయించిన లైను అది. 1900లో నౌపడ, పర్లాకిమిడిల నడుమ సుమారు 40 కిలోమీటర్లు నడక ప్రారంభించి, 1931 నాటికి గుణుపురము చేరి 90 కిలోమీటర్లయినది. టెక్కలి, పాతపట్నము దారిలో తగులును. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అటు చేరుటచేత, ఇంత చిన్న బండియు రెండు రాష్ట్రముల బండియైనది. గిడుగు రామమూర్తిగారు ఉపాధ్యాయులుగా బ్రతికిన ఊరు ఆ పర్లాకిమిడియే. వారి వ్యావహారిక భాషోద్యమమును తలచుకొను పాఠకులు మా యీ గ్రాంథికపు పోకడను మన్నింతురుగాక.

ఆ లైనులో పట్టాల నడుమ ఎడము 2 అడుగుల 6 అంగుళములు, అనగా 762 మిల్లీమీటర్లు. మన దేశపు బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. 2004లో చిన్నబండి నిలిచిపోయినది. 2011 నాటికి బ్రాడ్‌గేజి గుణుపురము చేరినది. చిన్నబండి పోయినదని కన్నీరు కార్చువారిలో ఆ బండిలో నిత్యము కూర్చున్నవారు తక్కువ. రోగిని పెద్దాసుపత్రికి తీసుకొనిపోవలసిన యింటివారు నౌపడలో బండి మారవలసిన అవసరము తప్పినందుకు సంతోషించినారేగాని విచారింపలేదు. వారిది న్యాయమే. మేము కోరినది ఆ బండి తిరిగి రావలెనని కాదు. అది ఎట్లు నడచినదో, ఆ నడక ఎందుకట్లుండెడిదో ఒక బల్లమీద నిజముగా చూపవలెనని మాత్రమే.

ఇందుకు ప్రేరణ మాలో ఒకరి తాతగారు. ఆయన ఆ లైనులో గ్యాంగుమన్‌గా చేరి, 2004లో లైను మూతపడిన యేడే పదవీవిరమణ చేసినారు. టెక్కలికి, పాతపట్నమునకు నడుమ కొన్ని మైళ్లు ఆయన గ్యాంగు బాగోగులు చూచెడిది. ఇప్పుడు మనుమని యింట మన నగరములోనే ఉన్నారు. చెవి కొంత మందగించినది. కన్ను మాత్రము గ్రద్దకన్ను.

మా పనిలో తొలి ప్రశ్న కొలత. అసలులో 87వ వంతు కొలతను హెచ్.ఓ. స్కేలని నమూనా రైళ్లవారందురు. 762ను 87తో భాగించినచో 8.76 వచ్చును. బజారులో దొరకు ఎన్ గేజి బొమ్మరైళ్ల పట్టా 9 మిల్లీమీటర్లు. తేడా పావు మిల్లీమీటరు, కంటికి ఆనదు. కనుక ఎన్ గేజి ఇంజను అడుగుభాగమును, చక్రములను తెచ్చుకొని, దానిపై హెచ్.ఓ. కొలతలో పెట్టెలను కట్టుట ప్రపంచమందంతటను చిన్నగేజి అభిమానులు చేయు పనియే. మొత్తము 90 కిలోమీటర్లను ఈ కొలతలో చూపవలెనన్న కిలోమీటరుకు పైబడిన బల్ల కావలెను. మాకున్నది 12 అడుగుల బల్ల. 87 రెట్లు చేసినచో 1,044 అడుగుల మార్గము. ఒక వరిచేను గట్టు, ఒక చిన్న కల్వర్టు, నాలుగు తాటిచెట్లు, ఒక గ్యాంగు గుడిసె, చివరన ఒక వంపు. స్టేషను లేదు. స్టేషను లేని రైలుమార్గమును ఎవరు చూతురని అడిగినవారున్నారు. స్టేషనులో బండి నిలుచును. మాకు కావలసినది నడక.

బజారు పట్టాను అట్లే పరచినచో కలుగు మోసమొకటి ఉన్నది. ఎన్ గేజి పట్టాలలో విరివిగా దొరకునది ‘కోడ్ 80’. అనగా పట్టా ఎత్తు అంగుళములో వెయ్యింట 80 వంతులు, రమారమి 2 మిల్లీమీటర్లు. 87తో హెచ్చవేసినచో 177 మిల్లీమీటర్లు, 7 అంగుళముల పట్టా. అది భారీ గూడ్సుబండ్లు నడచు ప్రధానమార్గపు పట్టా. గజమునకు 30, 40 పౌన్ల బరువు తూగు పట్టాలతో వేసిన తేలిక లైనుకు అది బక్క ఎద్దుకు ఏనుగు అంబారీ కట్టినట్లుండును. అందుచేత ‘కోడ్ 40’ పట్టా సంపాదించినాము. దాని ఎత్తు మిల్లీమీటరు. అసలు కొలతలో మూడున్నర అంగుళములు. అంత సన్ననిది బిగించిన సిద్ధపు పట్టా మాకు దొరకలేదు గనుక స్లీపర్లను మేమే కోసికొన్నాము. అసలు స్లీపరు పొడవు సుమారు 5 అడుగులు, మాకది 17.5 మిల్లీమీటర్ల కర్రపుల్ల. ప్రతి అయిదవ స్లీపరు కర్రది కాక, రాగిపూత గల సర్క్యూటు బోర్డు ముక్క. పట్టాను దానికి టంకము పెట్టవచ్చును. రెండు పట్టాలు రాగి గుండా ఒకటైపోకుండ ఆ పూతను నడుమ ఆకురాయితో గీయవలెను. ఈ పనిలో మాలో ఉర్దూ మాధ్యమపు మిత్రుడొకరి హస్తకౌశలమును ఎంత పొగడినను తక్కువే. ఆయన వంశీయులు వెండిపని చేయువారు.

ఇక గతుకుల సంగతి. ఇక్కడ మాలో తీవ్రమైన వాదము నడచినది.

ఒకరి వాదము: పాత లైను అనగా చూడగానే నవ్వు రావలెను, పట్టాలు పాములవలె మెలికలు తిరుగవలెను, బండి త్రాగుబోతువలె ఊగవలెను, అప్పుడే జనము గుమిగూడుదురు. ఇంకొకరి వాదము దీనికి సరిగా ఎదురు: ప్రదర్శననాడు పెద్దలు చూచుచుండగా బండి పడిపోయినచో పరువు పోవును, కనుక పట్టా చదునుగా వేసి గడ్డి, తుప్పురంగు, మట్టి అద్ది పాతదిగా కనిపింపజేసిన చాలునని. మా పని చూడవచ్చిన పెద్దమనిషి యొకరు కూడ ఈ రెండవ పక్షమునే బలపరచి, ‘పట్టా సరిచేయండి, అంతర్ కళాశాల పోటీకి పంపుదాం’ అని వాత్సల్యముతో సెలవిచ్చినారు. రెండు వాదములును తాతగారి చెవిన వేసినాము. ఆయన మొదటిదానికి నొచ్చుకొన్నారు, రెండవదానికి నవ్వినారు.

“ఏటి బాబూ, మా నైను తాగుబోతోడి నడకనాగుండీదని ఎవులు సెప్పినారు? పట్టా ఒంకరుండీది. తప్పుండీది కాదు. తప్పుంటే బండి పడిపోద్ది. మేం ముప్పయ్యేళ్లు పడనివ్వనేదు.”

వంకర వేరు, తప్పు వేరు. ఈ భేదమును మా భౌతికశాస్త్ర పుస్తకములలో వెదకి చూడగా పూర్తిగా అర్థమున్నది. విద్యార్థులకు ఉపయోగపడునేమోనని ఇక్కడ కొంత విస్తరించుచున్నాము.

పట్టా ఎక్కడ దిగబడును? జాయింటు వద్ద. రెండు పట్టాల కొసలను కలుపు ఫిష్‌ప్లేటు, బోల్టులు ఎంత బిగించినను నిండుపట్టా అంత గట్టివి కావు. చక్రము అక్కడికి రాగానే కొసలు వంగును. దాటగానే ఆవలి కొసపై దెబ్బ పడును. ఆ దెబ్బలకు జాయింటు దగ్గరి స్లీపర్లు తమ క్రింది మట్టిని, కంకరను నలిపి కొద్దికొద్దిగా క్రిందికి పోవును. స్లీపరు క్రింద ఖాళీ ఏర్పడినచో వానాకాలమున అందులో నీరు నిలుచును. బండి పోయినప్పుడెల్ల ఆ నీరు బురదయై పైకి చిమ్మును. దానితో ఖాళీ ఇంకను పెరుగును. అదే జాయింటు ఇంకను దిగును. గ్యాంగువారు వచ్చి, స్లీపరును లేవదీసి, బీటరుతో కంకరను అడుగుకు కొట్టి నింపుదురు. దానినే ప్యాకింగందురు. కొన్ని వారములు బాగుండును. మరల దిగును. తేలిక పట్టా, పలుచని కంకర, వరిచేల నడుమ మెత్తని కట్ట. వీటికితోడు బంగాళాఖాతపు తుఫానులు. నౌపడవైపు ఉప్పుమడుల గాలి సరేసరి. అట్టిచోట పట్టా దిగుట గ్యాంగు సోమరితనమునకు గుర్తు కాదు. లైను వేసినవారి దగ్గర ఎంత సొమ్మున్నదో దానికి గుర్తు. తేలికమార్గము అన్న పేరులోనే ఆ పొదుపున్నది.

ఎడము తక్కువగుటచేత ఇంకొక చిక్కు. ఒకవైపు పట్టా ఒక సెంటీమీటరు దిగినదనుకొందము. బ్రాడ్‌గేజిలో బండి ఎంత వాలునో చిన్నగేజిలో దానికి 2.2 రెట్లు వాలును. 1,676ను 762తో భాగించి చూచుకొనవచ్చును. చిన్నబండి ఎక్కినవారందరును ఊపును గూర్చియే చెప్పుటకు కారణమిది. ఐనను ఆ ఊపు అంతటను ఒక్క తీరుగా ఉండదు. అమెరికాలో కొలరాడో కొండలలోని 3 అడుగుల గేజివంటి లైన్లలో ఒక పట్టా జాయింటు రెండవ పట్టా నడుమకు ఎదురుగా వచ్చునట్లు వేయుట ఆ దేశపు అలవాటు. అందుచేత ఒకమారు కుడివైపు, ఒకమారు ఎడమవైపు దిగి, బండి ప్రక్కలకు ఊగును. మన దేశములో సాధారణముగా రెండు జాయింట్లను ఎదురెదురుగా వేయుదురు. రెండువైపులు కలిసి దిగును, కలిసి లేచును. కనుక మన బండి ఊగుటకంటె తల ఊపుట ఎక్కువ. పాట వినుచున్న పెద్దవారివలె ముందుకు, వెనుకకు. అమెరికా పుస్తకములు చూచి నౌపడ బండిని ప్రక్కలకు ఊపినచో అది పరదేశపు ఊపగును. ఈ సంగతి తాతగారికి పుస్తకముతో పనిలేకనే తెలియును. చేయి చాపి, మణికట్టును ముందుకు వెనుకకు ఆడించి చూపినారు.

మా అదృష్టవశమున ఈ నిజమే క్షేమకరము కూడ. రెండు పట్టాలు కలిసి దిగినచో నాలుగు చక్రములును పట్టానంటియే ఉండును. ఒక్కటే దిగినచో ఆ మూలనున్న చక్రము గాలిలో తేలును. ఎన్ గేజి చక్రపు అంచు సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఆ అంచు పట్టా పైకి లేచినదా, బండి క్రిందకు పోయినట్లే. అందుచేత మేము పెట్టుకొన్న కట్టడి యిది: పట్టాలు రెండును జతగా దిగవచ్చును, జతగా ప్రక్కకు జరుగవచ్చును, ఒకటి దిగి ఒకటి నిలువరాదు, నడుమ 9 మిల్లీమీటర్ల ఎడము ఎన్నడును మారరాదు. ఇత్తడి గేజి ముక్కను ప్రతి అంగుళమునకు జరిపి చూచుచు టంకము పెట్టినాము.

ఎంత దించవలెను? అసలులో సెంటీమీటరు దిగుడు మా కొలతలో మిల్లీమీటరులో తొమ్మిదవ వంతు. మనము వ్రాసుకొను కాగితపు మందము. ఒక కాగితపు ఎత్తుపల్లమును పది అడుగుల దూరమునుండి చూచువాని కన్ను పట్టుకొనదు. మూడు కాగితములైనచో పట్టుకొనును. కాని మూడు కాగితములనగా అసలులో రెండున్నర సెంటీమీటర్లు దాటిన దిగుడు. తాతగారి గ్యాంగు అంత దిగనిచ్చెడిది కాదు. మా తెలుగు ఉపన్యాసకులు తరగతిలో చెప్పిన స్వభావోక్తి, అతిశయోక్తులు ఇక్కడ మాకు అక్కరకు వచ్చినవి. చూచువాడు చిన్నవాడై బల్లమీద నిలువలేడు గనుక, స్వభావమును చూపుటకే కొంత అతిశయము కావలెను. రెండు కాగితములని నిర్ణయించుకొన్నాము. తాతగారిని అడిగి, ఆయన ‘కానియ్యండి’ అన్న పిమ్మట చెడ్డ జాయింట్లకు మాత్రము మూడు పెట్టినాము.

పని జరిగిన విధము వినుడు. 30 అడుగుల పట్టా మా కొలతలో 105 మిల్లీమీటర్లు. ప్రతి 105 మిల్లీమీటర్లకు ఒక జాయింటు. జాయింటు వద్ద క్రింద ఏమియు పెట్టము. పట్టా నడిమికి పోవుకొలది స్లీపర్ల క్రింద ముందొక కాగితము, దానిపై పొట్టిదింకొకటి, మెట్లుమెట్లుగా పెట్టి అంటించినాము. అనగా జాయింటును దించుట కాదు, నడిమిని లేపుట. వాలు మెల్లగా ఉండవలెను. ఏలయన బొమ్మబండికి స్ప్రింగులు లేవు, బరువు లేదు. పట్టా ఎట్లున్నదో అట్లే చదివి చూపును. గుంట హఠాత్తుగా వచ్చినచో మిడుతవలె ఎగిరిపడును, మెల్లగా వచ్చినచో మెల్లగా తల వంచును. వేగము కూడ ముఖ్యమే. గంటకు 20 కిలోమీటర్ల నడక మా కొలతలో సెకనుకు 64 మిల్లీమీటర్లు; ఒక జాయింటునుండి మరియొకదానికి సుమారు ఒకటిన్నర సెకను. అసలు బండిలో కూర్చున్నవానికిని అదే ఒకటిన్నర సెకను. పొడవులన్నియు 87వ వంతుకు కుంచించుకొనిపోయినను ఈ లయ మాత్రము మారకుండ మిగులుట మాకు వింతగా తోచినది. సన్నని ఱంపముతో జాయింటు స్థానమున పట్టా నెత్తిమీద ఒక గీత గీచినాము. ‘టక్’ అను చప్పుడు వచ్చినది. చెవి మందగించిన తాతగారు బల్ల అంచున అరచేయి ఆనించి ఆ చప్పుడును విన్నారు.

ఇంత చేసినను ఇంజనుకు వేరొక వైద్యము కావలసివచ్చినది. విద్యుత్తు పట్టాలనుండి చక్రముల గుండా మోటారుకు పోవును. గుంటలో ఒక చక్రము క్షణము తేలినను ఇంజను ఆగును. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేలమీదనైనను కదలదు, నాలుగుకాళ్ల కుర్చీ కుంటును. ఈ సూత్రముతో ప్రతి పెట్టెకు ఒక బోగీని నలుదెసల ఆడునట్లు వదలి, రెండవదానిని ముందువెనుకలకు మాత్రమే ఆడునట్లు బిగించినాము. మూడు చోట్ల ఆనినట్లగును. ఇంజనులో ఒక కెపాసిటరు అమర్చగా క్షణకాలపు చీకటి దానికి తెలియకుండ పోయినది.

వంపు దగ్గర తాతగారే మేస్త్రీ. తేలిక పట్టాను వంపుగా వేసినచో నడుమ వంగును గాని కొసలు తిన్ననగుటకే చూచును. కొన్నాళ్లకు జాయింట్లు బయటకు పొడుచుకొనివచ్చి వంపు బహుభుజివలె కనబడును. రైలువారు దానిని మోచెయ్యి అందురట. మా వంపులో మూడు మోచేతులు పెట్టించినారు. పెట్టించి, బల్లకు గడ్డము ఆనించి, ఒక కన్ను మూసి, పట్టా వెంట రెండవ కన్నుతో చాలసేపు చూచినారు. గ్యాంగు మేటు పట్టాను చూచు చూపు అది. అట్లు చూచినచో గాని కాగితమంత వంకర కనబడదు, చూచినచో దాగదు.

మట్టి సంగతి త్వరగా చెప్పెదము. తెచ్చిన మట్టిని మల్లుగుడ్డలో జల్లించి, దానిపై అయస్కాంతమును పలుమార్లు త్రిప్పి ఇనుపరజనును తీసివేయవలెను. లేనిచో అది మోటారులో చేరును. ఫెవికాల్‌ను నీటిలో కలిపి, ఒక చుక్క సబ్బునీరు చేర్చి, చుక్కలుచుక్కలుగా వదలవలెను. పట్టా ప్రక్కలకు తుప్పురంగు. నెత్తి మాత్రము మెరయుచుండవలెను, బండి నిత్యము నడచుచున్నది గనుక. పట్టా ప్రక్కన ఒక సన్నని కాలిబాటను తీర్చినాము. రోజూ కీమాన్ సుత్తి భుజాన వేసుకొని నడచిన దారి అది. చూచినవారిలో ఇద్దరు ముగ్గురు తప్ప దానిని గుర్తించినవారు లేరు.

అసలు చిక్కు చివరన వచ్చినది. పని ముగియవచ్చుచుండగా తాతగారు బల్ల నడుమ చేయి పెట్టి, “ఇక్కడ అయిదు పట్టాలు సదునుగుండాల” అన్నారు. కారణమడిగినాము.

“ఇక్కడ నిన్న ప్యాకింగ్ సేసినాం.”

ఆ మాటతో మేము కొంతసేపు మారుపలుకలేదు. ఆయన చెప్పినది నిజము. ఏ లైనును మొత్తము ఒక్క తీరుగా గతుకులుగా ఉండదు. గ్యాంగు ఒక చివరనుండి బాగుచేయుచు పోవును. రెండవ చివర చేరువేళకు మొదటిది మరల దిగియుండును. ఏ దినము చూచినను ఎక్కడో ఒకచోట అయిదారు పట్టాల పొడవు చదునుగా, కలుపు తీసి, స్లీపర్లు బయటపడి, కదిపిన కంకర రంగు తేలి కనబడును. గతుకు ఒక్కటే చూపినచో దిక్కులేని లైనగును. వేల్సు దేశములో టాలిలిన్ అను 2 అడుగుల 3 అంగుళముల లైను 1951లో స్వచ్ఛంద సేవకుల చేతికి వచ్చునప్పటికి పట్టా దాదాపు గడ్డిలో మునిగియుండెనట. అది ఇప్పటికిని నడచుచున్నది. గడ్డి వలన గాదు, గునపము పట్టినవారి వలన. కాని గడ్డిని వర్ణించువారే ఎక్కువ.

మాకు మిగిలిన సందేహము స్థానమును గూర్చినది. ఆయన చేయి పెట్టిన చోటు సరిగా ప్రేక్షకులు నిలుచు చోటు. ఏడాది కష్టపడి చేసిన గతుకులను ప్రక్కలకు నెట్టి, అందరి కన్నులయెదుట చదునైన పట్టా పెట్టుటయా? ఆ అయిదు పట్టాలను బల్ల కొసకు జరుపుదమని మాలో ముగ్గురము అన్నాము. తాతగారు వాదింపలేదు. “మా గ్యాంగు పని ముందరికి అవుపడాల. సేసినోళ్లలో నలుగురే మిగిలున్నాం” అని మాత్రమే అన్నారు. మనుమడు ఇంటికి బయలుదేరదీసినాడు.

మరునాడు అక్కడి స్లీపర్లను ఊడదీసి, కాగితములు తీసివేసి, అయిదు పట్టాలను చదునుచేసినాము. మట్టిలో కొంచెము సుద్ద కలిపి కదిపిన కంకర రంగు తెచ్చినాము. ప్రక్కన రెండు బీటర్లు, ఒక నీళ్లకుండ. మనుష్యుల బొమ్మలు పెట్టలేదు. మాకు ముఖములు దిద్దుట రాదు.

ప్రదర్శన రెండు దినములు. బండి తాటిచెట్ల చాటునుండి తల ఊపుచు వచ్చి, నడిమికి రాగానే ఊపు మాని, నిబ్బరముగా అయిదు పట్టాల దూరము నడచి, కల్వర్టు దాటగానే మరల తల ఊపుచు పోవుచుండెను. చదును లేనిచో ఊపు ఇంతగా తెలియకపోయెడిదని మొదటి దినము గడవకమునుపే మాకు స్పష్టమైనది. పిల్లలు, ‘మధ్యలో ఎందుకు ఊగడం లేదు?’ అని అడిగినారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు తాతగారికి కుర్చీ వేయించినాము. రెండు దినములలో బండి పడిపోయినది ఒక్కమారు, అదియు ఎవరో ముందువరుసలోని చిన్నవాడు తాటిచెట్టును పెరికి పట్టాపై వేసినందున. చదునుపట్టా కోరిన ఆ పెద్దమనిషి కూడ వచ్చి, బండి మూడుమారులు తిరుగువరకు నిలుచున్నారు.

రెండవనాటి సాయంకాలము, జనము పలుచబడిన పిమ్మట, తాతగారు మరల గడ్డము బల్లకు ఆనించినారు. వేలు పెట్టి జాయింట్లను లెక్కించుచు పోయి, చదును ముగిసిన పిమ్మట రెండవ జాయింటు వద్ద ఆగినారు. కల్వర్టు ప్రక్కది. కల్వర్టు గోడ గట్టిది, దాని వెనుకటి మట్టి మెత్తనిది గనుక అచ్చట జాయింటు మిగిలినవాటికంటె ఎప్పుడును కొంత ఎక్కువగా దిగునట.

“దీనికింకో కాయితం సరిపోద్ది.”

సోమవారమునాడు దానికి ఇరువైపుల చెరియొక కాగితము చేర్చినాము. ఇప్పుడు కల్వర్టు దాటగానే బండి ఇంకొంచెము లోతుగా తల వంచుచున్నది.